సైనికుడి పింఛను: సభలో రెండు మాటలు, ఉత్తర్వులో 101 పట్టికలు

అగ్నిపథ్ పథకం కింద ఎంపికై 2023 జనవరి ప్రాంతంలో శిక్షణ కేంద్రాల్లో అడుగుపెట్టిన తొలి విడత కుర్రాళ్లకు నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 ఆరంభంలో ముగుస్తుంది. దాదాపు అవే రోజుల్లో పంజాబ్, ఉత్తరాఖండ్, ఉత్తరప్రదేశ్ శాసనసభ ఎన్నికల ప్రచారం సాగాల్సి ఉంది. మూడూ తరతరాలుగా సైన్యానికి మనుషులను ఇస్తున్న రాష్ట్రాలే. గఢ్వాల్ రైఫిల్స్, కుమావూన్ రెజిమెంట్, సిక్కు రెజిమెంట్ అన్న పేర్లు చాలు, ఆ నేలకూ సైన్యానికీ ఉన్న బంధం ఎంతటిదో చెప్పడానికి. పథకం ప్రకటించినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం నలుగురిలో ఒకరికి మించి సైన్యంలో కొనసాగరు. మిగిలిన ముగ్గురు పాతికేళ్లయినా నిండకుండానే పెట్టె సర్దుకుని ఊరు చేరేసరికి అక్కడ ఎన్నికల మైకులు మోగుతుంటాయి. సైనికుడి పింఛను గురించి ఆ మైకుల్లో చాలా మాటలు వినబోతున్నాం.

గత పన్నెండు, పదమూడేళ్లుగా ఇలాంటి మాటలను నేను శ్రద్ధగా వింటున్నాను. పింఛను తీసుకునేవాడిగా నాకూ అందులో స్వప్రయోజనం ఉందని పాఠకులు అనుకుంటే తప్పు లేదు. అయితే నా ఆసక్తి అంతకన్నా వేరే చోట ఉంది. ప్రచారంలో పింఛను ఎప్పుడూ ఒక నినాదం. 'ఓఆర్‌ఓపీ ఇస్తాం', 'సీపీఎస్ రద్దు చేస్తాం', 'అగ్నిపథ్ ఎత్తేస్తాం'. అన్నీ రెండు మూడు మాటల్లో తేలిపోతాయి. ఎవరి చేతికి ఎంత వస్తుందో నిర్ణయించేది మాత్రం ఎన్నికలయ్యాక, ఆర్థిక శాఖ గదుల్లో రాసే పట్టిక. సమాన ర్యాంకుకు సమాన పింఛను హామీని అమలు చేస్తూ 2016 ఫిబ్రవరి 3న రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వుకు 101 పట్టికలు జతచేశారు. ఓటరు ఓటు వేసేది నినాదానికి, బ్యాంకు ఖాతాలో పడేది పట్టిక ప్రకారం. ఈ రెంటి మధ్య దూరం ఎంతో తెలియాలంటే ఆ హామీ నడిచిన దారిని ఒకసారి చూడాలి.

అంతకన్నా ముందు ఒక మాట. సైనికుడి పింఛను ఎందుకు ప్రత్యేకమో చాలామంది చదువుకున్నవారికి కూడా స్పష్టంగా తెలియదు. సివిల్ ఉద్యోగి 60 ఏళ్ల దాకా పనిచేస్తాడు. పిల్లల చదువులు, పెళ్లిళ్లు జీతం మీదే గడిచిపోతాయి. సిపాయి అలా కాదు. సైన్యం యువకులతో నిండి ఉండాలి కాబట్టి 18, 19 ఏళ్లకు చేర్చుకుని నలభై ఏళ్లు నిండకముందే ఇంటికి పంపుతుంది. ఇది అతను కోరుకున్న విరమణ కాదు, సైన్యం అవసరం. పిల్లలు హైస్కూల్లో ఉన్న వేళ జీతం ఆగిపోతుంది. పదిహేనేళ్ల సర్వీసు నిండితే సిపాయికి పింఛను రావడానికి మూలం అదే. అది దయాధర్మం కాదు, యువసైన్యం కావాలనుకున్న దేశం చెల్లించే ఖరీదు. పింఛను ప్రభుత్వం విదిల్చే బహుమానం కాదని, ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది రక్షణ శాఖలో పనిచేసి విరమణ పొందిన ఒక సివిల్ అధికారి కావడం ఆసక్తికరం.

పశ్చిమగోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం అనే ఊరుంది. ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్లిన చరిత్ర ఆ ఊరిది. అలాంటి ఊళ్లకు పింఛను అంటే నెలకోసారి వచ్చే డబ్బు మాత్రమే కాదు. పక్కింటి కుర్రాడు 'నేనూ వెళ్తాను' అనడానికి కారణం కూడా అదే. సైన్యంలో చేరడానికి దేశభక్తి ఒక్కటే కారణమని వేదికల మీద చెబుతాం. దేశభక్తి నిజమే. దానితోపాటు తల్లిదండ్రులు ధైర్యంగా పంపేది వెనుక ఒక భరోసా ఉందని నమ్మి. అందుకే ఈ అంశం రక్షణ శాఖకు సంబంధించినంతగానే సంక్షేమ శాఖకు సంబంధించినది కాదు.

ఇక ఓఆర్‌ఓపీ కథ. మూడో వేతన సంఘం తర్వాత, 1973లో, సైనికుల పింఛను లెక్కను సివిల్ ఉద్యోగుల లెక్కకు దగ్గరగా తెచ్చారు. అప్పటి నుంచి మాజీ సైనికుల్లో అసంతృప్తి రగులుతూనే ఉంది. ఒకే ర్యాంకులో, ఒకే కాలం పనిచేసిన ఇద్దరిలో ముందు రిటైరైనవాడికి తక్కువ, తర్వాత రిటైరైనవాడికి ఎక్కువ రావడం అన్యాయమన్నది వాదన. రాజ్యసభ పిటిషన్ల కమిటీ, భగత్ సింగ్ కోశ్యారీ అధ్యక్షతన, 2011 డిసెంబరులో ఈ వాదనకు మద్దతు పలికింది. ఒకే ర్యాంకు, ఒకే సర్వీసు ఉన్నవారికి విరమణ తేదీతో నిమిత్తం లేకుండా ఒకే పింఛను ఉండాలని, తర్వాత పెరిగే రేట్లు పాతవారికి తమంతట తామే వర్తించాలని ఆ కమిటీ ఇచ్చిన నిర్వచనం. 'తమంతట తామే' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. తర్వాతి గొడవంతా దాని చుట్టూనే తిరిగింది.

2013 సెప్టెంబరు 13న నరేంద్ర మోదీని బీజేపీ ప్రధాని అభ్యర్థిగా ప్రకటించింది. రెండు రోజులకే, 15న, హరియాణాలోని రేవాడీలో మాజీ సైనికుల భారీ సభ జరిగింది. మాజీ సైన్యాధిపతి వి.కె.సింగ్ వేదిక మీద ఉన్నారు. ఓఆర్‌ఓపీ ఆ సభ ప్రధానాంశాల్లో ఒకటి. అధికారంలో ఉన్న యూపీఏ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2014 ఫిబ్రవరి 17న మధ్యంతర బడ్జెట్‌లో ఆర్థికమంత్రి చిదంబరం ఓఆర్‌ఓపీకి అంగీకారం ప్రకటించి రూ.500 కోట్లు కేటాయించారు. ప్రభుత్వం మారాక జూలై బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ రూ.1,000 కోట్లు అన్నారు. చివరికి పథకం అమల్లోకి వచ్చాక ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం దానికైన ఖర్చు ఏటా సగటున రూ.7,123 కోట్లు. రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి, రెండు ప్రభుత్వాలూ బడ్జెట్‌లో పెట్టాయి, కానీ ఖర్చెంతో ఎవరూ కూర్చుని లెక్క వేయలేదు. ఎన్నికల ముందు వేసిన లెక్క అసలు లెక్కలో పద్నాలుగో వంతు! సరిహద్దులో ఒక ప్లటూన్‌కు రేషన్ ఇండెంట్ ఇలా పంపిన క్వార్టర్ మాస్టర్ మరుసటి రోజు ఆ కుర్చీలో ఉండడు.

2015 జూన్‌లో ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద మాజీ సైనికులు దీక్షలకు కూర్చున్నారు. ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినానికి ఒక్క రోజు ముందు, వాళ్లను అక్కడి నుంచి కదిలించడానికి పోలీసులు ప్రయత్నించారు. పతకాలు ధరించిన ముసలివాళ్లను పోలీసులు నెట్టుకెళ్తున్న దృశ్యాలు టీవీల్లో చూసి యూనిట్లలో పనిచేస్తున్న జవాన్లు ఏమనుకుని ఉంటారో పాలకులు ఆలోచించారో లేదో నాకు తెలియదు. సెప్టెంబరు 5న రక్షణమంత్రి మనోహర్ పారికర్ ఓఆర్‌ఓపీని ప్రకటించారు. నవంబరు 7న ఉత్తర్వు వెలువడింది. 2014 జూలై 1 నుంచి అమలు. 2013లో రిటైరైనవారి కనిష్ఠ, గరిష్ఠ పింఛన్ల సగటు ఆధారం. ఐదేళ్లకోసారి సవరణ. ఇకపై సొంతంగా కోరుకుని ముందే తప్పుకునేవారికి వర్తించదు.

ఈ షరతుల్లో ఒక్కటీ రేవాడీ సభలో వినిపించినవి కావు. కోశ్యారీ కమిటీ 'తమంతట తామే' అన్నచోట ఐదేళ్ల గడువు వచ్చింది. దాని అర్థం ఏమిటో చూద్దాం. 2012లో రిటైరైన హవల్దారు ఒకరు, 2018లో రిటైరైన హవల్దారు ఒకరు. ఇద్దరిదీ ఒకే సర్వీసు. రెండో వ్యక్తికి ఈలోపు వేతన సవరణ ఫలితమూ, ఏటేటా ఇంక్రిమెంట్లూ కలిసి పింఛను ఎక్కువగా ఖరారవుతుంది. మొదటి వ్యక్తి తర్వాతి సవరణ దాకా ఆగాలి. అంటే ఒకే ర్యాంకుకు ఒకే పింఛను ఐదేళ్లకు ఒక్క రోజు ఉంటుంది, మరునాటి నుంచి మళ్లీ ఎడం మొదలవుతుంది. ఈ షరతులపై వచ్చిన అభ్యంతరాలను పరిశీలించడానికి పట్నా హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగువారు జస్టిస్ ఎల్.నరసింహారెడ్డితో ఏకసభ్య కమిటీ వేశారు. 2016 అక్టోబరులో ఆయన నివేదిక ఇచ్చారు. ఐదేళ్ల నిబంధన మాత్రం అలాగే ఉండిపోయింది.

మాజీ సైనికుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. విచారణ సమయంలో ధర్మాసనం, పథకం గురించి చేసిన ప్రచారం నిజంగా ఇచ్చినదానికన్నా ఎంతో రంగురంగుల చిత్రం చూపిందని వ్యాఖ్యానించింది. అయినా 2022 మార్చి 16న తీర్పు ప్రభుత్వం పక్షానే వచ్చింది. ఇది విధాన నిర్ణయం, రాజ్యాంగ విరుద్ధమేమీ లేదు, కోశ్యారీ కమిటీ నివేదికను ప్రభుత్వ విధానంగా భావించలేం అన్నది సారాంశం. నా దృష్టిలో న్యాయపరంగా ఆ తీర్పు సబబే. సభలో చెప్పిన మాటను కోర్టు అమలు చేయించలేదు. కోర్టుకు కనిపించేది ఉత్తర్వు ఒక్కటే. అదే తీర్పులో ఒక మేలూ జరిగింది. 2019 జూలై 1న జరగాల్సి ఉండి జరగని సవరణను పూర్తిచేయమని కోర్టు ఆదేశించింది. ఆ సవరణకు 2022 డిసెంబరులో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 25 లక్షల మందికి పైగా లబ్ధిదారులు, రూ.23,638 కోట్ల బకాయిలు. వాటిని వాయిదాల్లో ఇస్తామంటే, 2023 మార్చిలో సుప్రీంకోర్టు మళ్లీ కలగజేసుకుని ముందు వితంతువులకూ శౌర్య పతకాలవారికీ, తర్వాత 70 ఏళ్లు దాటినవారికీ, ఆపై మిగిలినవారికీ అని తేదీలు కట్టింది. మూడున్నరేళ్ల ఆ ఆలస్యంలో ఎంతమంది కన్నుమూశారో ఏ పట్టికలోనూ లేదు. మాజీ సైనికుల ఇళ్లకు వెళ్లొచ్చే నాలాంటివాళ్లకు ఒక్కో జిల్లాలో కొన్ని పేర్లు గుర్తుంటాయి.

న్యాయంగా చెప్పాలంటే, నలభై ఏళ్లు ఎవరూ చేయని పనిని ఈ ప్రభుత్వం చేసింది. 2024లో రావలసిన మూడో సవరణకు మునుపటిలా కోర్టు మెట్లెక్కాల్సిన పని పడలేదు. కాంగ్రెస్ తన 2024 మేనిఫెస్టోలో, 2014 ఫిబ్రవరి 26 నాటి యూపీఏ ఉత్తర్వు ప్రకారం ఓఆర్‌ఓపీ అమలు చేస్తామంది. వినడానికి కచ్చితంగా ఉంది. ఐదేళ్ల బదులు ఏటా సవరిస్తారా, దానికి ఏటా ఎంత అవుతుంది అన్న ప్రశ్నకు అందులో అంకె లేదు.

ఇప్పుడు అగ్నిపథ్. 2022 జూన్ 14న ప్రకటించారు. మూడు రోజులకే సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతానికి చెందిన యువకుడు చనిపోయాడు. కొవిడ్ పేరుతో రెండేళ్లు ఆగిన నియామకాల కోసం ఎదురుచూసిన కుర్రాళ్ల ఆగ్రహం అది. రైళ్లు తగలబెట్టడాన్ని ఏ సైనికుడూ సమర్థించడు. కానీ ఆ కోపానికి కారణం లేదని మాత్రం నేను అనను. పథకం ప్రకారం నెలకు రూ.30 వేలతో మొదలై నాలుగో ఏట రూ.40 వేలు. జీతంలో 30 శాతం కోత, అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది. బయటికి వచ్చేటప్పుడు సేవానిధి పేరుతో వడ్డీతో కలిపి దాదాపు రూ.11.71 లక్షలు. పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. మాజీ సైనికుడి హోదా కూడా లేదు. హోదా లేకపోతే సైనిక ఆసుపత్రి వైద్య పథకం లేదు, క్యాంటీన్ కార్డు లేదు.

ఈ చివరిది నాకు అర్థం కాని విషయం. సైన్యంలో పింఛను లేకుండా వెళ్లిపోయేవారు కొత్త కాదు. షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులు పదేళ్లో పద్నాలుగేళ్లో పనిచేసి గ్రాట్యుటీతో ఇంటికెళ్తారు. కానీ వారిని మాజీ సైనికులు కాదని ఎవరూ అనలేదు. సియాచిన్‌లోనో తవాంగ్‌లోనో నాలుగేళ్లు కాపలా కాసినవాడిని మాజీ సైనికుడు అనకపోతే ఏమనాలి? ఖజానాకు పెద్ద భారం కాని గౌరవాన్ని కూడా ఇవ్వకపోవడం పొదుపు కాదు, పొరపాటు.

పింఛను మిగుల్చుకోవడానికే అగ్నిపథ్ తెచ్చారని ప్రతిపక్షం 2024 లోక్‌సభ ప్రచారమంతా అంది. కాంగ్రెస్ పథకాన్నే రద్దు చేస్తామంది. ఫలితాల తర్వాత ఎన్డీయే భాగస్వామి జేడీయూ నుంచి కూడా సమీక్ష జరగాలన్న మాట వచ్చింది. జూలై 26న కార్గిల్ విజయానికి పాతికేళ్లు నిండిన సందర్భంగా ద్రాస్‌లో ప్రధాని దీనికి జవాబు చెప్పారు. ఇవాళ చేరినవారికి పింఛను ఇవ్వాల్సింది 30 ఏళ్ల తర్వాత, అప్పటికి తనకు 105 ఏళ్లు వస్తాయి, దాని కోసం ఇవాళ్టి ప్రభుత్వం నిర్ణయం ఎందుకు తీసుకుంటుంది అన్నది ఆయన వాదన.

ఈ వాదనలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, సిపాయికి పింఛను 30 ఏళ్లకు కాదు, పదిహేనేళ్ల సర్వీసుకే హక్కవుతుంది. రెండోది, పింఛను సంస్కరణ ఏదైనా ఫలితమిచ్చేది తర్వాతి తరంలోనే. వాజపేయి ప్రభుత్వం 2004 జనవరి 1 నుంచి కొత్త కేంద్ర ఉద్యోగులకు ఎన్‌పీఎస్ తెచ్చినప్పుడూ అంతే. అప్పుడు చేరినవారు పెద్ద సంఖ్యలో రిటైరయ్యేది 2034 తర్వాత. పొదుపు దూరంలో ఉందంటే పొదుపు ఉద్దేశం లేదని అర్థం కాదు. యువసైన్యం కావాలన్న లక్ష్యం నిజమే, పింఛను భారం తగ్గించుకోవాలన్న లక్ష్యమూ నిజమే కావచ్చు. దాన్ని దాచుకోవాల్సిన అవసరం ఏముంది? బాధ్యత గల ప్రభుత్వం పింఛను ఖర్చు గురించి ఆలోచించకపోతేనే తప్పు.

అయితే ఆ ఆలోచన సరైన అంకెల మీద నిలవాలి. 'పింఛన్లే రక్షణ బడ్జెట్‌ను మింగేస్తున్నాయి, తుపాకులకు డబ్బు మిగలడం లేదు' అని టీవీ చర్చల్లో తరచూ వింటుంటాం. 2020-21 బడ్జెట్‌లో అది నిజంగానే భయపెట్టే స్థాయిలో ఉంది. మొత్తం రూ.4.71 లక్షల కోట్లలో పింఛన్లకు రూ.1.33 లక్షల కోట్లు, అంటే 28 శాతం పైన. త్రివిధ దళాల మూలధన వ్యయం రూ.1.13 లక్షల కోట్లే. కొత్త ఆయుధాలకన్నా పాత మనుషులకు ఎక్కువ. ఐదేళ్ల తర్వాత, 2025-26లో, మొత్తం రూ.6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లు రూ.1.60 లక్షల కోట్లు, మూలధన వ్యయం రూ.1.80 లక్షల కోట్లు. పింఛన్ల వాటా 23.6 శాతానికి దిగింది. ఈ తగ్గుదలలో అగ్నిపథ్ పాత్ర ఒక్క రూపాయి కూడా లేదు. 2023లో చేరినవాడు పాత పద్ధతిలో చేరి ఉన్నా 2038 దాకా పింఛను తీసుకునేవాడు కాదు కదా. బడ్జెట్ పెరిగింది, కొనుగోళ్లకు కేటాయింపులు పెరిగాయి, అందువల్ల వాటా తగ్గింది. ఆ పింఛను పద్దులో రక్షణ శాఖ సివిల్ ఉద్యోగుల పింఛన్లు కూడా కలిసి ఉంటాయన్న సంగతి ఈ చర్చల్లో ఎవరూ ఎత్తరు. సిపాయి ఒక్కడినే బరువుగా చూపడం సరికాదు.

సివిల్ ఉద్యోగుల పింఛను రాజకీయం తెలుగు పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004 సెప్టెంబరు 1 నుంచి సీపీఎస్‌లోకి వెళ్లింది. అధికారంలోకి వచ్చిన వారంలోనే సీపీఎస్ రద్దు చేస్తామని 2019 ప్రచారంలో జగన్‌మోహన్ రెడ్డి అన్నారు. తర్వాత ప్రభుత్వ పెద్దలే సాంకేతిక అంశాలు తెలియక హామీ ఇచ్చామన్నారు. 2023లో జీపీఎస్ చట్టం తెచ్చారు. తేదీ ఉన్న హామీ అది, లెక్క లేని హామీ కూడా. హిమాచల్‌లో 2022 డిసెంబరులో పాత పింఛను హామీతో కాంగ్రెస్ గెలిచింది, అమలు కూడా చేసింది. రెండు పార్టీల మధ్య ఓట్ల తేడా ఒక్క శాతం కూడా లేదు కాబట్టి ఆ హామీ విలువెంతో ఊహించవచ్చు. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లో అదే పని చేసిన ప్రభుత్వాలు మాత్రం మరుసటి ఏడాది ఓడిపోయాయి. 2024 లోక్‌సభ మేనిఫెస్టోలో కాంగ్రెస్ ఆ ఊసే ఎత్తలేదు.

పాత పింఛనులోని ఆకర్షణ ఏమిటంటే, దాన్ని పునరుద్ధరించిన రోజున ముఖ్యమంత్రికి ఖర్చు పెరగదు, తగ్గుతుంది. ఉద్యోగి ఖాతాలో నెలనెలా వేయాల్సిన ప్రభుత్వ వాటా ఆగిపోతుంది. బిల్లు మరో పదేళ్లకు మరో ముఖ్యమంత్రి బల్ల మీదికి వస్తుంది. దీర్ఘకాలంలో ఆ భారం ఎన్‌పీఎస్‌కు నాలుగున్నర రెట్ల వరకూ ఉండొచ్చని 2023లో రిజర్వ్ బ్యాంక్ బులెటిన్‌లోని అధ్యయనం అంచనా వేసింది. అగ్నిపథ్ దీనికి సరిగ్గా తలకిందులు. రాజకీయ నష్టం ఇవాళ, పొదుపు పదిహేనేళ్ల తర్వాత. అందుకే ఒకదాన్ని వాగ్దానం చేయడానికి అందరూ ముందుకొస్తారు, రెండోదాన్ని సమర్థించడానికి నీళ్లు నములుతారు.

ఈ గొడవలో ఎవరి నోటా పెద్దగా వినిపించనివాళ్లు కేంద్ర సాయుధ పోలీసు బలగాలు. పాకిస్థాన్ సరిహద్దులో బీఎస్ఎఫ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో సీఆర్‌పీఎఫ్, హిమాలయాల్లో ఐటీబీపీ. 2004 తర్వాత చేరినవారంతా ఎన్‌పీఎస్‌లోనే ఉన్నారు, పక్క బంకర్‌లోని సిపాయికి పాత పింఛను. ఈ బలగాలు కూడా దేశ సాయుధ దళాలేనని, పాత పింఛను వర్తిస్తుందని 2023 జనవరి 11న ఢిల్లీ హైకోర్టు అంది. ఆ తీర్పు అమలును సుప్రీంకోర్టు నిలిపివేసింది. అగ్నివీరులను ఈ బలగాల్లోకి తీసుకుంటామని చెబుతున్నప్పుడు అక్కడి పింఛను ఏమిటో కూడా చెప్పాలి కదా. 2024 అక్టోబరు హరియాణా ఎన్నికల్లో రాష్ట్రంలోని ప్రతి అగ్నివీరుడికీ ప్రభుత్వ ఉద్యోగం ఇస్తామని బీజేపీ హామీ ఇచ్చింది. పింఛను ఉన్న ఉద్యోగమని కేంద్ర హోంమంత్రి అమిత్ షా సభల్లో చెప్పారు. అక్కడ పాత పింఛను హామీ ఇచ్చిన కాంగ్రెస్ ఓడింది. సైన్యం ఇవ్వని పింఛనును రాష్ట్ర ప్రభుత్వం ఇస్తే ఖర్చు మాయం కాదు, కేంద్రం ఖాతా నుంచి రాష్ట్రం ఖాతాకు మారుతుందంతే.

కేంద్రం నిర్ణయాల తేదీలను కూడా ఓసారి గమనించండి. హరియాణా, జమ్మూకశ్మీర్ ఎన్నికల షెడ్యూలు 2024 ఆగస్టు 16న వచ్చింది, 24న కేంద్ర ఉద్యోగులకు యూపీఎస్ ప్రకటించారు. ఢిల్లీ పోలింగ్ 2025 ఫిబ్రవరి 5న, ఎనిమిదో వేతన సంఘం నిర్ణయం జనవరి 16న. బిహార్ తొలి దశ పోలింగ్ నవంబరు 6న, ఆ సంఘం విధివిధానాలకు ఆమోదం అక్టోబరు 28న. కాకతాళీయమే అనుకుందాం. ఆ విధివిధానాల్లో ఒక వాక్యం మాత్రం నా కంట పడింది. ఉద్యోగి వాటా లేని పింఛను పథకాల ఖర్చును సంఘం దృష్టిలో పెట్టుకోవాలని అందులో ఉంది. కేంద్రంలో కొత్తగా చేరేవారిలో అలాంటి పింఛను ఇంకా మిగిలింది ప్రధానంగా త్రివిధ దళాలకే. నివేదికకు 18 నెలల గడువు ఇచ్చారు. పంజాబ్, ఉత్తరాఖండ్ ప్రచారం నడిచేనాటికి సంఘం ఇంకా లెక్కలు వేస్తూనే ఉంటుంది. సైనికుడి పింఛనుకూ ఉద్యోగి వాటా పెట్టే ఆలోచన ఉందా లేదా అన్నది అక్కడి అభ్యర్థులను సూటిగా అడగాల్సిన ప్రశ్న.

నా అభిప్రాయం అడిగితే, అగ్నిపథ్‌ను పూర్తిగా ఎత్తేసి 2022కు ముందుకు వెళ్లాలని నేను అనను. సగటు వయసు తగ్గించాలన్న వాదన కార్గిల్ సమీక్ష కమిటీ కాలం నుంచీ ఉంది, సరైనదే. కానీ ఆరు నెలల శిక్షణ, మధ్యలో సెలవులు పోను నాలుగేళ్లలో యూనిట్‌కు దక్కేది మూడేళ్లే. ఒక ట్యాంక్ గన్నర్‌నో సిగ్నల్ ఆపరేటర్‌నో తయారు చేసి, పని పట్టుబడే వేళకు పంపేయడం నష్టం. గడువును ఏడెనిమిదేళ్లకు పెంచి, సగం మందినైనా ఉంచుకోవాలి. చేరిన రోజే పింఛను ఖాతా తెరిచి, తర్వాత ఏ ప్రభుత్వ కొలువులోకి వెళ్లినా ఆ ఖాతాతోపాటు సైన్యంలో గడిపిన కాలమూ సర్వీసుగా వెంట వచ్చేలా చూడాలి. ఇందులో కొత్త సిద్ధాంతం ఏదీ లేదు, ఎన్‌పీఎస్ యంత్రాంగం ఇప్పటికే ఉంది.

వాయిదా వేయకూడనిది మరొకటి ఉంది. విధి నిర్వహణలో యుద్ధభూమిలో ప్రాణాలిచ్చిన సాధారణ సైనికుడి భార్యకు అతని చివరి జీతంతో సమానమైన కుటుంబ పింఛను జీవితాంతం వస్తుంది. అగ్నివీరుడి కుటుంబానికి రూ.48 లక్షల బీమా, రూ.44 లక్షల పరిహారం, సేవానిధి, మిగిలిన కాలం జీతం వస్తాయి. మొత్తం చిన్నది కాదు. కానీ నెలనెలా వచ్చే పింఛను లేదు. 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ రోజుల్లో నియంత్రణ రేఖ వద్ద రాయలసీమకు చెందిన అగ్నివీర్ ఒకరు అమరుడయ్యాడు. ఆ తల్లి ఈ తేడాను ప్రశ్నిస్తూ బాంబే హైకోర్టుకు వెళ్లారు. అదే రోజు అదే పోస్టులో అదే షెల్లుకు ఇద్దరు నేలకొరిగితే, చేరిన పథకాన్ని బట్టి ఇంటికి రెండు రకాల లెక్కలు వెళ్లాలా?

పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం 2024 ఫిబ్రవరిలోనే ఈ తేడా తొలగించాలని సిఫారసు చేసింది. అప్పటి అధ్యక్షుడు జుయెల్ ఓరం అధికార పక్షం సభ్యుడే. ప్రతిపక్ష సభ్యులూ ఆ సంఘంలో ఉన్నారు. కాబట్టి ఇది పార్టీల గొడవ కాదు. అలా అమరులయ్యేవారి సంఖ్య లక్షల్లో ఉండదు, ఖర్చు రూ.1.60 లక్షల కోట్ల పద్దులో కంటికి ఆనదు. కొత్త చట్టం అక్కర్లేదు, రక్షణ శాఖ ఒక లేఖ జారీ చేస్తే సరిపోతుంది. కేంద్ర బడ్జెట్ ఫిబ్రవరి 1న వస్తుంది. పంజాబ్, ఉత్తరాఖండ్ అభ్యర్థులు ఆ రోజుల్లో ఊరూరా తిరుగుతుంటారు. ఓఆర్‌ఓపీ తదుపరి సవరణ 2029 జూలై 1న, లోక్‌సభ ఎన్నికలు ముగిసిన కొద్ది వారాలకే రావాలి. పెద్ద హామీలకు అప్పటిదాకా సమయం ఉంది. ఈ ఒక్క లేఖకు మాత్రం ఏ ఎన్నికల కోసమూ ఆగాల్సిన పనిలేదు.